గుర్రాలకు ఈల వేసినాయన

మా ఆయన ముప్పై రెండేళ్లు వెనక గుమ్మంలోంచి వెళ్లి, వెనక గుమ్మంలోంచే బయటికొచ్చిన చోటికి, ఆయన పోయిన ఎనిమిదో నెలలో నన్ను ముందు గుమ్మంలోంచి రమ్మన్నారు. ఉత్తరం వచ్చింది. దళసరి కాగితం, పైన బంగారు రంగులో ముందుకాళ్లెత్తిన గుర్రం. లోపల మూడే ముక్కలు. మీ దుఃఖంలో మేమూ పాలుపంచుకుంటున్నాం, మా చారిత్రక స్వారీ బడిని సందర్శించండి, ఇందుకు రెండు టికెట్లు జతపరిచాం. కింద పెద్ద మాస్టరు సంతకం.

మనిషి పోతే రెండు టికెట్లు. ఇద్దరు పోయుంటే నాలుగిచ్చేవారు కాబోలు.

ఆయన పోయింది వాళ్ల లాయంలోనే. గడ్డిమోపు దించి, దాని మీదే కూర్చుని, మరి లేవలేదు. ఆ మధ్యాహ్నం ప్రదర్శన మాత్రం ఆగలేదు. గుర్రాలు వరసగా హాల్లోకి వెళ్లాయి, జనం చప్పట్లు కొట్టారు, ఆ తర్వాత మాకు కబురొచ్చింది.

ఆ బడిలో దీపాలూ అద్దాలూ చూడాలని నాకు లేదు. రెండు పనులుండి వెళ్లాను. ఒకటి, ఆయన గుర్రాలను దువ్విన బ్రష్షు. ఏళ్ల తరబడి పట్టి పట్టి దాని చెక్కకు ఒక పక్క బొటనవేలంత గుంట పడింది. ఆయన పోయిన వారంలోనే అడిగితే, ఆఫీసు అనుమతి లేనిదే లాయం వస్తువులు బయటికి ఇవ్వకూడదన్నారు. అరిగిపోయిన బ్రష్షు అది, వెంట్రుకలు సగం లేవు. దానికి అనుమతి.

రెండోది, సుద్దముక్కను చూడాలి.

సుద్దముక్క అంటే గుర్రం. బడివాళ్లు దానికి పెట్టిన పేరు పలకాలంటే మధ్యలో ఒకసారి ఊపిరి తీసుకోవాలి. ఆ జాతి గుర్రాలు పుట్టినప్పుడు నల్లగా ఉంటాయి, పెరిగేకొద్దీ తెల్లబడతాయి. ఇది పుట్టిన మూడో రోజే తల్లి చచ్చిపోతే, మా ఆయన సీసాతో పాలు పట్టాడు. ఆ నెల ఇంటికొచ్చింది తక్కువ. "బొగ్గుముక్కకు ఆకలేస్తుంది" అని పోయేవాడు. ఏడేళ్లకు అది తెల్లబడింది. అప్పటినుంచి సుద్దముక్క. పదిహేడేళ్లు ఆయన చేతి కింద ఉంది. నాతో ఇరవై ఏడేళ్లు కాపురం చేసినా, భుజం మీద తల పెట్టి నిలబడే హక్కు దానికే ఎక్కువ ఉండేదని నేను వేళాకోళమాడేదాన్ని.

రెండో టికెట్టు మా వదినకిచ్చాను. ఇవ్వకపోతే బతకనివ్వదు. ఆమె మా ఆయనకు అక్క, పదేళ్లకు పైనే పెద్ద. తల్లి లేని పిల్లాణ్ణి చంకనేసుకుని పెంచింది, అందుకని ఆయన మీద ఆమెకు హక్కులన్నీ ఉన్నాయి, అబద్ధం చెప్పే హక్కుతో సహా. పెళ్లి సంబంధం మాట్లాడటానికి మా ఇంటికొచ్చినప్పుడు, "మా తమ్ముడు స్వారీ బడిలో చేస్తున్నాడు" అంది. ఏం చేస్తున్నాడో చెప్పలేదు. మా నాన్న, పాపం, అల్లుడు రౌతనుకున్నాడు. బూట్లూ కొరడా ఊహించుకున్నాడు. పెళ్లయిన మూడో రోజున ఆయన లద్దె వాసనతో ఇంటికొస్తే నాకు సంగతి తెలిసింది.

"మీరు గుర్రమెక్కరా?" అని అడిగాను.

"ఎక్కను. ఎక్కేవాళ్లు ఎక్కడానికి ముందు చేసేవన్నీ నేను చేస్తాను," అన్నాడు.

"అంటే?"

ఆయన అబద్ధం చేతకాని మనిషి. "అన్నిటికంటే ముఖ్యమైంది చెప్పనా? గుర్రాల చేత ఒంటికి పోయిస్తాను."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

ఆ పని ఎంత పెద్దదో నాకు తర్వాత తెలిసింది. ఆ హాలు అద్దంలా ఉంటుంది. కింద గీతలు గీసినట్టు దువ్విన ఇసుక, పైన వేలాడే గాజుదీపాలు, చుట్టూ మేడమీద ఖరీదైన జనం. అక్కడ గుర్రం కాళ్లు ఎడంగా పెట్టి బకెట్టు నీళ్లు వదిలిందంటే రెండు వందల ఏళ్ల పరువు ఇసుకలో కలుస్తుంది. ఆయన చేరకముందు ఒకసారి అలాగే జరిగితే గుర్రాలు చూసే పెద్దాయన ఉద్యోగం ఊడింది. గుర్రాన్నేమీ అనలేదు, దాని మీద కూర్చున్న రౌతునూ అనలేదు.

మా ఆయన దానికి ఒక దారి కనిపెట్టాడు. గుర్రప్పిల్ల వచ్చిన రోజునుంచీ, అది తనంతట తాను పోసుకుంటున్నప్పుడల్లా పక్కన నిలబడి ఒకటే ఈల వేసేవాడు. రెండు పొడుగ్గా, చివరిది పొట్టిగా, కిందికి జారుతూ. ఆర్నెల్లకు ఈల వినిపిస్తే చాలు, గుర్రం కాళ్లు ఎడం చేసేది. ప్రదర్శనకు ముందు గుర్రాలన్నిటినీ మెత్తటి గడ్డి పరిచిన చోట నిలబెట్టి ఈల వేసేవాడు. అవి ఖాళీ చేసుకుని, బరువు దిగిన పెళ్లిపెద్దల్లా తేలిగ్గా హాల్లోకి నడిచేవి. అందుకే లాయంలో ఒక కట్టుబాటు ఉండేది. లోపల ఎవరూ ఈల వెయ్యకూడదు. ఎంత పెద్ద రౌతైనా సరే, పాట కూడా నోట్లోనే పాడుకోవాలి. ఊరికే వేస్తే ఈలకు విలువ పోతుంది, గుర్రం వినడం మానేస్తుందని ఆయన భయం.

ఇంట్లో ఆయన ఈల వేసింది మా అమ్మాయి పసిపిల్లగా ఉన్నప్పుడు ఒక్కసారే. పిల్లను కాళ్ల మీద కూర్చోబెట్టుకుని అదే ఈల, రెండు పొడుగు, ఒకటి పొట్టి. మా వదిన చూసి అగ్గిమీద గుగ్గిలమైంది.

"అది పిల్లనుకున్నావా, గుర్రమనుకున్నావా? ఆపు ముందు!" అని ఇల్లు ఎగిరిపోయేలా అరిచింది. ఆయన ఆమె వంక ఓరగా చూసి నవ్వి ఊరుకున్నాడు. ఆ నవ్వేమిటో నాకప్పుడు తెలియలేదు.

సరే, వెళ్లిన రోజు సంగతి.

వదిన పెట్టె అడుగునుంచి మంచి బట్టలు తీసి కట్టుకొచ్చింది. ముందు గుమ్మం దగ్గర మెట్లు చూసి, "చూశావా, మా తమ్ముడు తిరిగిన మెట్లు," అంది.

"ఆయన ఈ మెట్లు ఎక్కలేదు వదినా. వెనక సందులోంచి వెళ్లేవారు."

"నెమ్మదిగా చెప్పు. చుట్టూ జనం."

ఇరవై మంది దాకా ఉన్నాం. మమ్మల్ని తిప్పడానికి ఒక గైడమ్మ వచ్చింది. చక్కగా ఉంది, మాటలు కూడా ఇస్త్రీ చేసినట్టున్నాయి. మొదటి గదిలో గోడల నిండా పటాలు. ఫలానా మాస్టరు, ఫలానా రౌతు, ఫలానా వారి మనవడు. అందరూ గుర్రం మీదే ఉన్నారు. కిందనున్నవాళ్లెవరూ లేరు. చీపురు పట్టుకున్నవాడు రెండు వందల ఏళ్లలో ఒక్కడూ పుట్టలేదన్నట్టు. చివరి పటంలో మాత్రం అంచు దగ్గర ఒక చెయ్యి కనిపించింది, పగ్గం అందిస్తూ. చెయ్యి వరకే ఉంది. మనిషిని చట్రం కోసేసింది.

ఆ చేతి గురించి నాకు తెలుసు. రౌతు అటు తిరిగి చెయ్యి చాపితే పగ్గం అందాలి. ఎవరందించారో చూడడు. సొమ్మొకడిది, సోకొకడిది.

"ఈ గుర్రాల గొప్పతనం వాటి రక్తంలోనే ఉంది," అంటోంది గైడమ్మ. "మా హాలు నేల మీద ఇవి ఏనాడూ అశుభ్రం చెయ్యలేదు. మర్యాద వీటికి పుట్టుకతో వస్తుంది."

జనం ఆహా అన్నారు. మా వదిన కూడా అంది. రక్తంలో ఉందట మర్యాద. రోజుకు ముప్పైసార్లు తోకెత్తే జంతువు రక్తంలో.

అక్కడినుంచి లాయానికి తీసుకెళ్లారు. పైన పటారం, లోన లొటారం అని ఊరికే అనలేదు. ముందువైపు పాలరాయి, వెనకవైపు కప్పు కారుతోంది. అయినా ఆ వాసన తగిలేసరికి నా కాళ్లు ఆగిపోయాయి. గడ్డి, తోలు, చెమట. మా ఇంట్లో కొక్కేనికి తగిలించిన చొక్కా వాసన. ఎనిమిది నెలల్లో ఆ చొక్కాలోంచి అది పోయింది. ఇక్కడ బతికే ఉంది.

పొట్టాయన నన్ను చూసి పార పడేసి వచ్చాడు. ఆయన మా ఆయనతో ఇరవై ఏళ్లు పనిచేసినవాడు, ఇప్పుడు ఆ పనంతా ఆయన మీదే పడింది. ముందు పళ్లు నాలుగు లేవు. ఎప్పుడో గుర్రం తన్నింది.

"అక్కా, వచ్చావా. ఇదిగో," అని చొక్కా లోపలినుంచి బ్రష్షు తీసి నా చేతిలో పెట్టాడు. "అనుమతి గినుమతి ఏం లేదు. సంచిలో పెట్టేసుకో."

"సుద్దముక్క ఏది?"

ఆయన మొహం మాడ్చుకుని పక్క గదివైపు చూపించాడు. సుద్దముక్క గోడవైపు తిరిగి నిలబడి ఉంది. తలుపుకు ఎర్ర చీటీ కట్టి ఉంది.

"ఇదేమిటి?"

"సోమవారం బండొస్తుంది అక్కా."

"ఎక్కడికి తీసుకెళ్తారు?"

"అడక్కు." మళ్లీ తనే చెప్పాడు. "మూడు ప్రదర్శనల్నుంచీ హాల్లో పోసేస్తోంది. నట్టనడి మధ్యలో. డాక్టరొచ్చి మూత్రసంచి బలం తగ్గిందన్నాడు. వయసైపోయిందని పెద్ద మాస్టరన్నాడు. పనికిరానిదాన్ని ఊరికే మేపుతారా? కోతకే."

"నువ్వు ముందు ఈల వెయ్యట్లేదా?"

"వెయ్యకేం అక్కా. ఇదిగో ఇలా." పెదాలు ముడిచాడు. పళ్ల సందుల్లోంచి గాలి వచ్చింది, ఈల రాలేదు. "మిగతా ఏడూ పాపం నా గాలికే సర్దుకుంటున్నాయి. ఇది మాత్రం నా వంక చూసి, 'నువ్వెవడివిరా' అన్నట్టు తల తిప్పేసుకుంటుంది. కడుపులో కుండ మోసుకునే హాల్లోకి పోతోంది."

నేను తలుపు దగ్గరకెళ్లి బ్రష్షు చాపాను. అది గోడ వైపునుంచి తిరిగింది. బ్రష్షు వాసన చూసింది. తర్వాత నన్ను దాటి, నా వెనక ఇంకెవరైనా ఉన్నారా అని చూసింది. ఎవరూ లేరు. మళ్లీ గోడవైపు తిరిగింది.

"ఏమే, గైడమ్మ పిలుస్తోంది. మంచి కుర్చీలు పోతాయి," అని వదిన నా చెయ్యి లాగింది.

పొద్దుటి సాధన చూపిస్తామని హాలు మేడమీదకు తీసుకెళ్లారు. ఎనిమిది గుర్రాలు వచ్చాయి, చివరిది సుద్దముక్క. రౌతులు కర్రలు మింగినట్టు కూర్చున్నారు. పెద్ద మాస్టరు మధ్యలో నిలబడి వేలు కదిపాడు. ఆ మీసం దువ్వుకోవడానికే ఒక మనిషి ఉండుంటాడు.

"కొత్త సంగీతం," అంది గైడమ్మ గుసగుసగా. "ఇదివరకు డోళ్లూ బూరలూ ఉండేవి. ఈమధ్యే మాస్టరు గారు స్వయంగా మార్పించారు."

మొదట తీగల వాయిద్యం. గుర్రాలు నడిచాయి. తర్వాత అన్నీ ఆగాయి. నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలోంచి పిల్లనగ్రోవి లేచింది.

రెండు పొడుగ్గా. చివరిది పొట్టిగా, కిందికి జారుతూ.

ఒక్క క్షణం ఆయనే ఎక్కడో స్తంభం వెనక ఉన్నాడనిపించింది. సుద్దముక్క చెవులు కూడా అటే తిరిగాయి. తల పైకెత్తింది. ఇన్నాళ్లకు పిలుపు వినపడ్డ మొహం దానిది. తర్వాత, చెప్పిన మాట వినే గుర్రం కాబట్టి, వెనక కాళ్లు ఎడం చేసి, తోకెత్తి, దువ్విన ఇసుక మీద హాయిగా పోసింది.

"అమ్మా, అది..." అన్నాడొక సందర్శకుడు.

"దుమ్ము లేవకుండా మధ్యమధ్యలో ఇసుక తడుపుతారండీ," అంది గైడమ్మ, కన్నైనా ఆర్పకుండా.

ఆ పిల్లకు మంచి భవిష్యత్తుంది.

నాకు అంతా అర్థమైంది. దానికి జబ్బూ లేదు, ముసలితనమూ లేదు. ఖాళీ చేసుకోకుండా వస్తోంది, హాల్లో, ఎలా కలిసిందో గానీ, అచ్చం ఆయన ఈలే వినిపిస్తోంది, చెప్పినట్టు చేస్తోంది. ఇంత పెద్ద బడిలో నేర్పింది మర్చిపోనిది అదొక్కటే, దాన్నే కోతకు పంపుతున్నారు. ఇన్ని పటాలు, ఇన్ని పతకాలు, డాక్టరు, మాస్టరు, ఇందరిలో ఒక్కడికైనా తట్టలేదు. తట్టాలంటే ఆ ఈల ఒక్కసారైనా విని ఉండాలి. వినాలంటే లాయంలోకి రావాలి.

సాధన అయ్యాక పెద్ద మాస్టరు మేడమీదకొచ్చి నాలుగు మంచి మాటలు చెప్పాడు. చివర, "ఆ వెనక గుర్రం వయసులో పెద్దది. సోమవారం నుంచి దానికి పూర్తి విశ్రాంతినిస్తున్నాం," అన్నాడు. ఒకావిడ కళ్లు తుడుచుకుంది. కొందరు చప్పట్లు కొట్టారు.

నేను లేచాను. నోట్లో నాలుక లేనిదని మా వైపువాళ్లూ మా ఆయన వైపువాళ్లూ ఏకాభిప్రాయంగా చెప్పే మనిషిని నేను. వదిన నా చెయ్యి పట్టుకుని కిందికి లాగింది. "కూర్చోవే. ఏం చేస్తున్నావ్?"

"అయ్యా, దానికి జబ్బు లేదు," అన్నాను. "ఆ పిల్లనగ్రోవి వల్ల పోస్తోంది."

పెద్ద మాస్టరు చిరునవ్వు నవ్వాడు. "మీకు గుర్రాల గురించి తెలుసామ్మా?"

"గుర్రాల గురించి తెలీదండీ. మా ఆయన గురించి తెలుసు. ఇక్కడే పనిచేశారు. పోయారు."

"అయ్యో. ఎవరు?"

ఎవరని అడిగాడు. నా సంచిలో ఈయన సంతకం పెట్టిన ఉత్తరముంది. నేను చెప్పాను, ఏ నెలలో, లాయంలో ఏ మూల. ఆయన నుదురు ముడిచాడు, గుర్తురాలేదు.

"ఏ గుర్రానికి రౌతమ్మా?" అన్నాడు.

పక్కన వదిన ఊపిరి బిగబట్టింది. ఇన్నేళ్లుగా వీధి వీధంతా నమ్మిన అబద్ధం ఆమె ఒళ్లో పసిపిల్లలా కూర్చునుంది.

"రౌతు కాదండీ. గుర్రాల చేత ఉచ్చ పోయించేవారు," అన్నాను.

మేడంతా నవ్వు. వదిన రుమాలులో మొహం దాచుకుంది. నేను నవ్వు ఆగేదాకా నిలబడి, ఈల సంగతి మొదటినుంచి చివరిదాకా చెప్పాను. నా బతుకులో అన్ని మాటలు ఒకేసారి ఎప్పుడూ మాట్లాడలేదు. చెప్తూంటే నవ్వు తగ్గింది. పెద్ద మాస్టరు మీసం మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"ఇవన్నీ లాయంవాళ్ల నమ్మకాలమ్మా. డాక్టరు చూసి చెప్పాడు."

"చూస్తే పోయేదేముంది సార్?" అన్నాడు ఇసుక గురించి అడిగిన సందర్శకుడే. "మేమూ చూస్తాం."

పదిమందిలో కాదనలేక, "సరే. ఇప్పుడే పోసింది కదా. నీళ్లు తాగించండి. నాలుగింటికి వస్తాను," అని భోజనానికి వెళ్లిపోయాడు.

ఆ నాలుగు గంటలూ లాయంలోనే కూర్చున్నాం. పొట్టాయన బకెట్టు మీద బకెట్టు పెట్టాడు. ఇంకో బకెట్టు బోర్లించి వదినకు వేశాడు. మంచి బట్టలతో ఆమె దాని మీద కూర్చుంది. అనకపోతే ఆమెకు అరగదు కదా.

"పోయినవాడి పరువు కూడా మిగల్చలేదు నువ్వు," అంది చివరికి.

"నేనా తీసింది? రౌతు రౌతని చెప్పి ఆయన చేసిన పని లేకుండా చేసింది మీరు. ఆ పటంలో చెయ్యొక్కటే ఉంది చూశారా? మీరు అదీ ఉంచలేదు."

ఆమెకు ఎదురు చెప్పడం అదే మొదలు. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. చెయ్యి చాపింది. బ్రష్షిచ్చాను. చెక్క మీద ఆ గుంటలో తన బొటనవేలు పెట్టి చూసింది.

"ఈ వేలు నోట్లోంచి తీసేవాడు కాదు, చిన్నప్పుడు. వేపనూనె రాసినా సరే," అంది.

నాలుగింటికి పెద్ద మాస్టరు వచ్చాడు. బూట్లలో మొహం చూసుకోవచ్చు. వెనక డాక్టరు, గైడమ్మ, తమాషా పోగొట్టుకోవడం ఇష్టంలేని సందర్శకులు అయిదారుగురు. పొట్టాయన గడ్డి పరిచి సుద్దముక్కను నిలబెట్టాడు.

"కానివ్వండి," అన్నాడు మాస్టరు.

నేను పెదాలు ముడిచాను. ఆ ఈల నాకు నిద్రలో కూడా తెలుసు. కానీ తెలియడం వేరు, వెయ్యడం వేరు. గాలి వచ్చింది. రెండోసారీ గాలే. మూడోసారి పెదాలు వణికాయి, వణికే పెదాల్లోంచి ఏ ఈలా రాదు. సుద్దముక్క నావంక జాలిగా చూసి తల తిప్పుకుంది, పొట్టాయనవంక చూసినట్టే.

"పోనీలెండమ్మా. పాపం, దుఃఖంలో ఉన్నారు," అన్నాడు పెద్ద మాస్టరు గడియారం చూసుకుంటూ. ఆ జాలిని కడిగి ఆరేసినా ఎవరికీ పనికిరాదు. డాక్టరు ఎర్ర చీటీ సరిచేశాడు.

అప్పుడు నా వెనక బకెట్టు కిర్రుమంది. వదిన లేచింది.

"తప్పుకోవే," అంది.

అరవై ఏళ్లు దాటిన మనిషి, మంచి బట్టల మీద గడ్డి పరకలు దులుపుకుని, నడుం మీద చెయ్యి పెట్టుకుని, ఈల వేసింది. రెండు పొడుగ్గా. చివరిది పొట్టిగా, కిందికి జారుతూ. ఆయన వేసినదానికి నకలు కాదు. ఆయన వేసిందే దీనికి నకలని వినగానే తెలిసింది.

సుద్దముక్క ఒళ్లంతా ఒకసారి వణికింది. కాళ్లు ఎడం చేసింది. ఇక చూడండి. అయిదు బకెట్ల నీళ్లు. గడ్డి మీద పడి, రాళ్ల మీద చిమ్మి, అద్దాల్లాంటి ఆ బూట్ల మీద వర్షంలా కురిసింది. మాస్టరు రెండడుగులు వెనక్కేశాడు. ధార కూడా అంత దూరమూ వెళ్లింది. పొట్టాయన గోడవైపు తిరిగి భుజాలు కుదుపుతూ నవ్వుకున్నాడు.

వదిన ఎవరివంకా చూడలేదు. గుర్రంతోనే చెప్తున్నట్టు చెప్పింది. "మా అమ్మ పోయేనాటికి వాడికి ఆర్నెల్లు, నాకు పదకొండేళ్లు. రోజూ పక్క తడిపేవాడు. ఉతకలేక చచ్చేదాన్ని. పడుకోబెట్టే ముందు పెరట్లోకి ఎత్తుకెళ్లి ఈల వేసేదాన్ని. ఆడపిల్లవి ఈలేమిటే అని మా నాన్న మొట్టేవాడు. సిగ్గేసి మానేశాను. వెధవ, మర్చిపోలేదు. తీసుకొచ్చి గుర్రాలకు నేర్పాడు."

పెద్ద మాస్టరు బూటు దులుపుకుని, "ఆసక్తికరంగా ఉంది," అన్నాడు. అంతకంటే పెద్ద మాట వాళ్ల బడిలో నేర్పరు కాబోలు. పొట్టాయన ఆయన అనుమతి అడక్కుండానే వెళ్లి ఎర్ర చీటీ తెంపేశాడు. మాస్టరు చూసి కూడా ఊరుకున్నాడు. సోమవారం బండి రాలేదు.

పిల్లనగ్రోవిని మాత్రం తీసెయ్యలేదు. మాస్టరు స్వయంగా ఎంచిన సంగీతం కదా, గుర్రం ప్రాణం కంటే అది గట్టిది. అందుకని ముందే ఖాళీ చేయించాలి. గైడమ్మ వదిన ఈలను ఫోనులో రికార్డు చేసుకుంది, మర్నాడు సుద్దముక్క చెవి దగ్గర పెట్టి వినిపించింది. సుద్దముక్క ఫోను వాసన చూసి తుమ్మింది. అంతే.

ఇప్పుడు ప్రదర్శన ఉన్న ప్రతి శనివారమూ మా వదిన వెళ్తుంది. నేనూ వెళ్తాను. ఆమె ఈల వేస్తుంది, నేను ఆ బ్రష్షుతో సుద్దముక్కకు వీపు దువ్వుతాను. నా బొటనవేలికి ఆ గుంట ఇంకా వదులే. వీధిలో ఎవరైనా ఎక్కడికని అడిగితే వదిన చేతిసంచి సర్దుకుని, "స్వారీ బడిలో చేస్తున్నాను," అంటుంది. ఏం చేస్తున్నారని అడిగేదాకా వచ్చి వాళ్లు ఆగిపోతారు. మొన్న ఒకావిడ ఆగలేదు.

"ఏం చేస్తారండీ అక్కడ?"

వదిన నావంక చూసింది. తర్వాత ఆవిడవంక చూసి, "మా తమ్ముడు చేసిన పనే," అంది. "గుర్రాల చేత ఒంటికి పోయిస్తాను. వస్తావా, చూపిస్తాను."

పోయిన నెల బడినుంచి మళ్లీ దళసరి ఉత్తరమొచ్చింది. మీ సేవలకు కృతజ్ఞతలు, రెండు టికెట్లు జతపరిచాం. వదిన వాటిని నాలుగు మడతలు పెట్టి, ఎప్పటినుంచో ఊగుతున్న మా వంటింటి బల్ల కాలు కింద దోపింది. బల్ల ఇప్పుడు ఊగడం లేదు. మేం ఎప్పటిలాగే వెనక గుమ్మంలోంచి వెళ్తున్నాం.